గెడ మీంచి విప్పిన చీర

"మే, ఆ ఎర్రచీర గెడకు కట్టమని తమ్ముడికి సెప్పినా. మద్దేనానికి మన చేలో దిగుతా, సూస్తా ఉండు."

"అది మా నాయన పెట్టిన చీర. నువ్వు దిగితే దిగు, గాల్లో కొట్టుకపోతే కొట్టుకపో. నాకేమి?"

నేనూ నా మొగుడూ ఆఖరున అనుకున్న మాటలు ఇవే. ఇన్నేళ్ళూ వీటిని మోశాను. రాయి అయితే ఎక్కడో ఒకచోట దించేదాన్ని. మాటను ఎక్కడ దించను? నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే మా మరిది కూతురు రాస్తోంది. ఇది తెలియాల్సింది ముందు ఆ పిల్లకే, అందుకే పిలిపించాను. ఆ తర్వాత ఇది ఎవరి చేతికి పోతుందో, చదివే నువ్వెవరో నాకు తెలియదు. అదే మంచిది.

మా ఆయన మదనపల్లిలో జీపు తోలేవాడు. అక్కడి కొండమీద నుంచి ఎగరడానికి బెంగుళూరు నుంచి కొందరు వచ్చేవాళ్ళు. గొట్టాలకు బిగించిన పెద్ద గుడ్డరెక్క, దాని కింద వేలాడే మనిషి. ఇంజనూ లేదు, ఏమీ లేదు. వాళ్ళ రెక్కలు మోసీ మోసీ ఈయన కూడా నేర్చుకున్నాడు. వాళ్ళు వదిలేసిన పాతది అతుకులేసుకుని తెచ్చుకున్నాడు.

"ఏమబ్బా గరుత్మంతుడా, ఈపొద్దు యాడికి?" అని ఊళ్ళో నవ్వేవాళ్ళు.

"తిరుమలకప్పా. మీ మొక్కులేమన్నా ఉంటే ఇయ్యండి, పైనుంచే హుండీలో యేసొస్తా" అనేవాడు.

ఆ రోజు కొండమీద నుంచి పుంగనూరు పక్కన మా చేను దాకా ఎగిరివస్తానని అందరికీ చెప్పాడు. ఆషాఢం. దారి పొడుగునా పడమటి గాలి పక్కనుంచి కొడుతుంది. ఏరు దాటేవాడు ఎగువకు ముఖం పెట్టి నడిచినట్టు, ఆ అడ్డగాలికి ముఖం పెట్టి రావాలట. ఇవన్నీ నాకెలా తెలుసంటావా? సంగటి చల్లారిపోయేదాకా కంచం ముందు కూర్చుని ఇవే చెప్పేవాడు. దిగేటప్పుడు గాలికి ఎదురుగా దిగాలి. మా చేనుకు పడమట పక్కన గుట్ట ఉంది. పైన పడమటి గాలి ఉన్నా, గుట్ట దాటాక అది కింద తిరగబడి తూర్పు నుంచి కొడుతుంది. కింద ఎటు కొడుతోందో చీర ఎగరడం చూస్తేనే తెలిసేది. చీర కనపడకపోతే ముందుకు పోయి ఏటి ఇసుకలో దిగుతానని కూడా నాకు చెప్పాడు.

మా నాయన పోయే ముందు పెట్టిన చీర అది. పైనుంచి ఎరుపు బాగా కనపడుతుందని నన్ను అడగకుండా పెట్టెలోంచి తీశాడు. మరిది దాన్ని గెడకు కట్టి, దారిలో పశువులు చేలోకి రాకుండా ఆపడానికి వెళ్ళాడు. చేలో ఎవరూ లేరు. నేను వెళ్ళి గెడ వంచి, ముడి విప్పి, చీర తెచ్చి పెట్టెలో పెట్టి, మళ్ళీ చేలోకి వచ్చి నిలబడ్డాను.

చావాలని కోరానా? లేదు. ఏటి ఇసుకలో దిగి, రెక్క నెత్తిన పెట్టుకుని, ఊరు నవ్వుతుంటే నడిచి ఇంటికి రావాలని కోరాను. అంతే. అంతేనా అని ఎన్నిసార్లు అడుక్కున్నా అంతే.

ఆయన వచ్చాడు. గద్దంత కనిపించి, గుడారమంత అయ్యాడు. గాలి ఆయన్ని చేటలో గింజల్లా ఎగరేస్తోంది. చేను మీద ఒక చుట్టు తిరిగాడు. ఏటికి ఎందుకు పోలేదు? అంతదూరం గాలికి పట్టి పట్టి చేతులు పడిపోయాయేమో. లేక, నేను నిలబడి ఉన్నాను కదా, ఫరవాలేదనుకుని దిగాడేమో. ఇది ఒక్కటే నన్ను కోస్తుంది. పైగాలిని నమ్మి పడమటికి తిరిగాడు. గుట్ట దిగువన గాలి వెనకనుంచి నెట్టింది. ముక్కు నేలకు కొట్టింది. పుత్తూరు కట్టుతో అతికే విరుపు కాదు. మెడ.

చీర యాడ అన్నారు. తమ్ముడు ముడి సరిగ్గా వేయలేదు, గాలికి పోయింది అన్నారు. మరిది ఒప్పుకోలేదు. పెద్దమనుషులు అతన్ని ప్రమాణానికి కాణిపాకం గుడికి తీసుకువెళ్ళారు. కోనేట్లో మునిగి, తడిబట్టలతో స్వామి ముందు నిలబడి "నేను గట్టిగానే కట్టినా" అని ప్రమాణం చేశాడు. అతని పక్కనే నిలబడ్డాను. ఒక్క మాట చాలు. పెదవి విప్పలేదు.

మరుసటేడు అతని బోరు ఎండింది. కాపు మీదున్న మామిడితోట మాడిపోయింది. ఆ ఏడు ఎన్ని బోర్లు ఎండలేదు? అయినా "దొంగప్రమాణం చేస్తే వరసిద్ధి ఇడిసిపెడతాడా?" అన్నారు. చేను వదిలి, చిత్తూరు బెల్లం మండిలో మూటలు మోసుకుంటున్నాడు. మొన్న ఈ పిల్లకు వచ్చిన సంబంధం కూడా ఆ మాట మీదే వెనక్కి పోయింది.

నన్ను క్షమించమని ఎవరినీ అడగను. ఆ చీర నాది. అడగకుండా తీసినందుకు వచ్చిన కోపమూ నాదే, ఇప్పటికీ తగ్గలేదు. విధవ కదా, తల దించుకోవాలని మీరనుకుంటే అనుకోండి, దించను. కానీ నిజం చెప్పినవాడు ఊరు విడిచిపోతుంటే గడపలో నిలబడి చూశాను చూడు, దానికి దించుతాను. దేవుడు నన్నెందుకు పట్టలేదు? అబద్ధం చెప్పలేదనా? నోరు మూసుకోవడానికి శిక్ష లేదా? లేకపోతే పోనీ. నేనే నోరు తెరిచాను.

ఎందుకు ఆపావు పాపా? రాయి. ఏడుపు తర్వాత, తిట్లు తర్వాత. కింద సంతకం పెడతాను. దీన్ని తీసుకుని ఆ పెద్దమనుషుల ముందు, మీ నాయన ముందు చదువు. పక్కనే నిలబడతాను.

ముందు నాకు చదివి వినిపించు. నా మీద జాలిపడి ఎక్కడైనా మెత్తగా రాశావేమో చూస్తాను. మొదటినుంచి చదువు.