డబ్బాలో మార్చిన మాత్రలు

ఆరేళ్లుగా మోస్తున్నాను. దించుకునే చోటు దొరక్క మీ ముందు దించుతున్నాను. నా పేరు మీకు తెలియదు. అదే మంచిది.

మాది ధర్మవరం. మా ఆయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టి పట్టుచీరలు నేసేవాడు. నేను పట్టుదారం కండెలకు చుట్టేదాన్ని. షుగరు వచ్చిన పదేళ్లకు ఆయనకు పాదాల మంటలు మొదలయ్యాయి. దుప్పటి తగిలినా ఓర్వలేడు. బకెట్ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే చీర సగంలో ఆగిపోయేది. మొదట్లో జాలిపడ్డాను. ఆ జాలి ఎన్నాళ్లో నిలవలేదు.

ఒకరోజు గుంతలోంచి లేస్తుంటే ఆయన అరికాలి నిండా నెత్తురు. గుండుసూది దిగి ఉంది. ఆయనకు తెలియనే లేదు. సూది దిగినా తెలియని కాలు ఎలా మండుతుంది? పని ఎగ్గొట్టే నాటకమనుకున్నాను. అనుమానం పెనుభూతం అంటారు, నాకది అప్పుడే పట్టింది.

ఆ వారమే డాక్టరు కొత్త మాత్ర రాశాడు. మందుల షాపతను ఇస్తూ, "ఇది దిగులు జబ్బోళ్లకు ఇచ్చేది గదక్కా, అన్నకేమైంది?" అన్నాడు. అంటే డాక్టరుకూ ఇది మనసు జబ్బని తెలిసిపోయిందనుకున్నాను. పిచ్చి మాత్రలు మింగుతున్నాడని తెలిస్తే మగ్గాల వీధిలో తలెత్తుకు తిరగగలమా? వాటిని మురుగుకాలువలో పారేసి, డబ్బాలో బలం మాత్రలు పోశాను. ఆయనకు చదువు రాదు. రెండు నెలలు రోజూ నా ముందు చేయి చాపి, నమ్మకంగా మింగాడు.

"తగ్గల్యా గదే. నా ఒళ్లే మంచిది కాదేమో," అన్నాడొకసారి. నేను తలెత్తకుండా కండె చుట్టుకున్నాను.

తర్వాత అనంతపురంలో ఒక డాక్టరమ్మకు చూపించాం. నేను సూది సంగతి చెప్పాను. ఆమె ఓపిగ్గా వివరించింది. నరాలు చెడితే స్పర్శ పోయినా మంట ఉంటుందట. నొప్పి ఏళ్ల తరబడి ఉంటే మెదడులోనూ మార్పులు వస్తాయట, నొప్పిని అణిచే శక్తి దానికి తగ్గుతుందట. దిగులుకిచ్చే ఆ మాత్రనే ఈ నొప్పికీ ఇస్తారట. "నాటకం కాదమ్మా. ఆయన మంట నిజమే," అంది. మా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన మంట నిజమని నోరు తెరిచి చెప్పిన మొదటి మనిషి ఆమె.

ఆమె పాత చీటీ చూసి అడిగింది: "ఇది వాడినారు గదా, ఏమన్నా గుణం కనపడిందా?"

"రెండు నెలలు వాడినాడు మేడం. ఏం పన్జేయలేదు," అన్నాను.

ఆమె వేరే మాత్ర రాసింది. అది పడక, తల తిరిగి, ఆయన మానేశాడు. గుండెపోటుతో పోయేదాకా నాలుగేళ్లు మండుతూనే బతికాడు.

మొదటిది తెలియక చేశాను. మరి రెండోది? అంతా విన్నాక, ఆయన పక్కనే కూర్చుని ఆ అబద్ధం ఆడాను. ఎందుకు? ఆయన ముందు చులకనవుతానని. ఇంకో కారణం ఉందేమోనని ఎంత వెతికినా దొరకలేదు. ఆ మాత్ర పనిచేసేదో లేదో ఇప్పుడెవరూ చెప్పలేరు. ఆ సందేహాన్ని అడ్డం పెట్టుకుని తప్పించుకోవాలనీ చూశాను. సిగ్గుగా ఉంది. నిజం చెప్పుంటే ఆయన తిట్టేవాడు, మాట్లాడటం మానేసేవాడు. మాత్ర మాత్రం దొరికేది.

మొగుడికి నీ అంత సేవ ఎవరూ చేయలేదని వీధిలో అంటుంటారు. లేచి లోపలికి వెళ్లిపోతాను.

ఆయన ఆ మాత్ర ఒక్కటీ మింగలేదు మేడం. నేనే ఇవ్వలేదు.