నలభై రెండు సైజు చొక్కా

మా అత్తయ్య మనుషుల్ని మొహం చూసి గుర్తుపెట్టుకోదు, భుజాలు చూసి గుర్తుపెట్టుకుంటుంది. నన్ను మొదటిసారి చూసిన రోజు "బాగున్నావా అమ్మాయ్" అని కూడా అడగలేదు. ఎగాదిగా చూసి, "ముప్పై నాలుగు. ఎడమ భుజం పావంగుళం దిగింది" అంది. పదేళ్ళుగా పార్సిల్ ఆఫీసు కౌంటర్లో కూర్చుని కుడిచేత్తో రాసుకుంటూ ఎడమచేత్తో మూటలు అందించేదాన్ని కదా, ఆ పావంగుళం నిజమే. నిజమైనంత మాత్రాన ఒళ్ళు మండకుండా ఉంటుందా?

ఆవిడ యూనిఫాంల టైలరు. మా ముందుగదిలో సగం ఆవిడ కుట్టుమిషనుది, మిగతా సగం గుడ్డల తానులది. మనుషులం గోడ వారగా నడుస్తాం. బడిపిల్లలవి, నర్సులవి, వాచ్‌మన్లవి, ఎవరివైనా కుడుతుంది. కాంట్రాక్టరు తానులు తెచ్చి పడేస్తాడు, చొక్కాలు పట్టుకుపోతాడు. ఎవరికోసమో ఆయన చెప్పడు, ఈవిడ అడగదు. మిగిలిన గుడ్డ మాత్రం ఆవిడ హక్కు. అందుకే మా ఇంట్లో కిటికీ తెరలు ఆసుపత్రి ఆకుపచ్చ, దిండు గలీబులు ఏదో బడివాళ్ళ గళ్ళు. మా ఆయన కాలేజీ రోజుల్లో వాచ్‌మన్ నీలం చొక్కా వేసుకెళ్తే, లెక్చరరొకాయన గేటు తాళం తియ్యమన్నాడట.

ఇన్ని చెప్పాను కాబట్టి నా సంగతి కూడా చెప్పాలి. మా బుడ్డోడు పుట్టిన ఏడు నెలల్లో వాణ్ణి అత్తయ్య చేతికి ఇచ్చిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆవిడ చేతికి ఎప్పుడూ మిషను నూనె ఉంటుందని ఒక వంక, కత్తెర పక్కనే ఉంటుందని ఇంకో వంక. అసలు కారణం వేరే ఉంది. వాణ్ణి నాలాగా ఇంకెవరూ చూసుకోలేరని నాకు గట్టి నమ్మకం. ఆవిడ చేతులు చాపితే, "ఇప్పుడే పాలు తాగాడు అత్తయ్యా, కక్కుతాడు" అనేదాన్ని. ఆవిడ చేతులు వెనక్కి తీసుకుని మళ్ళీ మిషను తొక్కుకునేది.

ఆ ఎండాకాలం మా ఆయనకి మూడు పాసులు దొరికాయి. ఆయనది కళ్ళద్దాల కొట్లో ఉద్యోగం. ఎవరో కస్టమరు కొత్త అద్దాల్లోంచి లోకం స్పష్టంగా కనిపించిన సంబరంలో థీమ్ పార్కు పాసులు ఇచ్చిపోయాడు. గడువు ఆ ఆదివారమే.

"ఏడు నెలల పిల్లాడికి పార్కేంటండీ, ఈ ఎండల్లో?" అన్నాను.

"వాడికి కాదు, మనకి. నువ్వు వీధి మొహం చూసి ఎన్నాళ్ళయిందో చెప్పు."

అత్తయ్య మిషను మీంచి తలెత్తి, "జనంలో తప్పిపోతారు. అందరికీ ఒకే గుడ్డతో కుడతాను. ఎంత దూరాన్నుంచైనా ఒకళ్ళకొకళ్ళం కనిపిస్తాం" అంది. నిమ్మపండు పసుపు గుడ్డ, నారింజ రంగు కాలరు. చలికాలంలో నూట ఇరవై చొక్కాల ఆర్డరు చేయగా మిగిలిందట. రెండు రోజుల్లో నలుగురికీ కుట్టేసింది. బుడ్డోడి చొక్కాకి జేబు కూడా పెట్టింది. వాడికి జేబెందుకని అడిగితే, "యూనిఫామన్నాక జేబుండాలి" అంది. ఆ మాట నేను అప్పుడు పట్టించుకోలేదు.

పార్కు గేటు దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. మమ్మల్ని చూసి గేటు దగ్గరున్నతను కస్సుమన్నాడు. "పదకొండింటికా రావడం? స్టాఫ్ వెనక గేట్లోంచి వెళ్ళాలని తెలీదా?"

అతని ఒంటి మీద నిమ్మపండు పసుపు చొక్కా, నారింజ రంగు కాలరు. పక్కవాడి ఒంటి మీదా అదే. టిక్కెట్లు చింపేవాళ్ళు, చెత్త ఊడ్చేవాళ్ళు, బెలూన్లు ఊదేవాళ్ళు, అందరూ మా చుట్టాల్లాగే ఉన్నారు. మా ఆయన మొహం మాడిపోయింది. అత్తయ్య మాత్రం మెరిసే కళ్ళతో గేటతని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "కాలరు బాగా కూర్చుంది" అంది.

పాసులు చూపించి ఎలాగో లోపలికి వెళ్ళాం. అక్కణ్ణుంచి మాకు డ్యూటీ పడింది. పది అడుగులు వేస్తే చాలు, ఎవరో ఒకరు ఆపేవాళ్ళు. బాత్రూమెటు? రంగులరాట్నం ఎన్నింటికి? మా వాడి చెప్పు పడిపోయింది, తీసిస్తారా? మా ఆయన "మేం స్టాఫ్ కాదండీ" అని చెప్పీ చెప్పీ గొంతు ఎండిపోయి, చివరికి వేలు చూపించడం మొదలుపెట్టాడు. అత్తయ్యకి 'తెలీదు' అనే మాటే రాదు. "నేరుగా వెళ్ళి కుడివైపు తిరగండి" అని అందరికీ చెప్పేసింది. ఆ కుడివైపు ఏముందో నాకిప్పటికీ తెలీదు. కానీ అక్కడ చాలామంది పోగై ఉంటారు.

ఎండ మాడు పగలగొడుతోంది. నా భుజానికి సంచీ. అందులో ఫ్లాస్కు, సీసాలు, డైపర్లు, మూడు జతల బట్టలు, తువ్వాళ్ళు, పౌడరు డబ్బా, జ్వరం వస్తే వేసే మందు, రాకపోతే చూసుకోవడానికి థర్మామీటరు. చంకలో బుడ్డోడు. వాడు మాత్రం నీళ్ళ జారుడుబల్ల మీంచి జనం కేకలేస్తూ పడుతుంటే, మేమంతా వాడికోసమే ఈ తమాషా ఏర్పాటు చేశామన్నట్టు చూస్తున్నాడు. మా ఆయన నీళ్ళ సీసాల కోసం వెళ్ళి లైన్లో ఇరుక్కున్నాడు. అత్తయ్యని ఎవరో "ఏవమ్మా, ఈ పిల్ల షూ లేసు ఊడింది" అని పిలిస్తే అటు వెళ్ళింది. సరిగ్గా అప్పుడే బుడ్డోడు డైపరు పని కానిచ్చాడు.

డైపరు సంచీ అడుగున ఉంది. జిప్పు సగంలో ఇరుక్కుంది. ఒక చేత్తో లాగితే రాదు. పక్కన పసుపు చొక్కా చెయ్యి ఒకటి కనిపించింది. మా ఆయన వచ్చేశాడనుకున్నాను. "పట్టుకోండి" అని బుడ్డోణ్ణి ఆ చేతుల్లో పెట్టి, రెండు చేతులా జిప్పు మీద పడ్డాను. పదేళ్ళు కౌంటర్లో అలాగే ఇచ్చాను మరి. మొహం చూడను, చెయ్యి చూస్తాను, మూట పెడతాను, తరవాతి వాళ్ళు రండి.

డైపరు దొరికాక తలెత్తాను. పక్కన ఎవరూ లేరు.

ముందు విసుగొచ్చింది, ఈయన చెప్పకుండా ఎక్కడికి వెళ్ళాడని. అంతలో నీళ్ళ సీసాల లైన్లో మా ఆయన వీపు కనిపించింది. ఆయన ముందు ఇంకా పదిమంది ఉన్నారు. ఆయన చంకలో ఏమీ లేదు.

చుట్టూ చూస్తే అన్నీ పసుపు చొక్కాలే. ఒకటి ఇటు పోతోంది, ఒకటి అటు పోతోంది, ఒకటి ఐస్‌క్రీం తింటోంది. నా పిల్లాడి ఒంటి మీదా అదే పసుపు. అత్తయ్య షూ లేసు కట్టి తిరిగొచ్చి నా మొహం చూసింది.

"పిల్లాడేడమ్మా?"

"ఇచ్చేశానత్తయ్యా. ఎవరికో. పసుపు చొక్కా. మొహం చూళ్ళేదు."

ఆ క్షణాన ఆవిడ నన్ను ఏమన్నా పడేదాన్ని. ఆవిడ మాత్రం నా రెండు భుజాలూ పట్టుకుని, "మొహం వద్దు. చెయ్యి చెప్పు. చొక్కా చెప్పు" అంది.

కళ్ళు మూసుకున్నాను. "భుజం కుట్టు బాగా కిందికి జారి ఉంది. చెయ్యి సన్నగా, ముడతలు పడి ఉంది. చొక్కా చేతి అంచు లోపలికి మడిచి నల్లదారంతో కుట్టుకున్నాడు."

"నా పసుపు చొక్కాకి నల్లదారమా!" అని ఆ కంగారులోనూ ఆవిడకి కోపం వచ్చేసింది. వెంటనే తేరుకుని, "నలభై రెండు సైజు. వేసుకున్నది ముప్పై ఆరు మనిషి. నలభై రెండులు నేను కుట్టినవి ఆరే" అంది. నా చెయ్యి పట్టుకుని జారుడుబల్ల మెట్ల దగ్గరికి లాక్కెళ్ళింది. అక్కడ ఈల ఊదుతున్న ఆమెని ఆపి, "మీలో సన్నగా ఉండి పెద్ద చొక్కా వేసుకునే పెద్దాయన ఎవరు?" అని అడిగింది.

"జారేవాళ్ళకి గాలి ట్యూబులిచ్చే ట్యూబుల తాతా? చొక్కా ఆయన్ని వేసుకున్నట్టుంటుంది, ఆయనేగా? ఇప్పుడే ఎవరి పిల్లాణ్ణో ఎత్తుకుని ఆఫీసుకి పోయాడు."

యాభై తొమ్మిదేళ్ళ మా అత్తయ్య పరిగెత్తగలదని నాకు ఆ రోజే తెలిసింది. రంగులరాట్నం లైనుకి అడ్డంగా, "జరగండి, స్టాఫ్! స్టాఫ్!" అని అరుస్తూ దూసుకుపోయింది. జనం నిజంగానే దారిచ్చారు. ఆవిడ వెనకాల నేను, సంచీలోంచి సీసాలు రాలుతుంటే ఏరుకోకుండా ఏడుస్తూ పరిగెత్తాను.

ఆఫీసు గదిలో ఫ్యాను కింద ట్యూబుల తాత కూర్చుని ఉన్నాడు. ఆయన ఒళ్ళో బుడ్డోడు. ఆయన మెళ్ళోని గుర్తింపు కార్డు వాడి నోట్లో ఉంది. వాణ్ణి లాక్కుని గుండెకి అదుముకున్నాను. ఎంత గట్టిగా అంటే వాడు కార్డు వదిలేసి కుయ్యిమన్నాడు.

బల్ల వెనకున్న సూపర్‌వైజరమ్మ కళ్ళెర్రజేసింది. "డ్యూటీకి పిల్లల్ని తీసుకురావద్దని ఎన్నిసార్లు చెప్పాలి? పైగా వాడికీ యూనిఫామా?"

తాత సంజాయిషీ మొదలుపెట్టాడు. "ఈ అమ్మాయే పట్టుకోండి అందండీ. మన స్టాఫే కదా, తప్పిపోయిన పిల్లాణ్ణి అప్పగిస్తోందేమో అనుకుని తెచ్చాను. తీరా చూస్తే పిల్లాడు కూడా మన స్టాఫే."

నేను నోరు తెరిచేలోపు అత్తయ్య నా ముందుకొచ్చి నిలబడింది. "తప్పు నాదే మేడమ్. నేనే తీసుకొచ్చాను. ఇంకెప్పుడూ తీసుకురాను."

"ఏ సెక్షను నువ్వు?"

"కుట్టు పనండీ. ఈ చొక్కాలన్నీ నేను కుట్టినవే."

అలాంటి సెక్షను ఉందో లేదో సూపర్‌వైజరమ్మకి కూడా సరిగ్గా తెలీనట్టుంది. కాగితం తీసి మెమో రాసింది. అత్తయ్య దాని కింద వంకరటింకరగా, ఎంతో శ్రద్ధగా సంతకం పెట్టింది. ముప్పై ఏళ్ళు ఇంట్లో కూర్చుని మిషను తొక్కిన మనిషికి ఏ ఆఫీసువాళ్ళయినా రాసిచ్చిన కాగితం అదొక్కటే. పనిలో పనిగా తాతని నిలబెట్టి, భుజాల దగ్గర గుడ్డ పట్టుకు చూసి, చొక్కా మార్చుకోమని హితబోధ కూడా చేసింది.

ఇంతలో మా ఆయన మమ్మల్ని వెతుక్కుంటూ రొప్పుతూ వచ్చాడు. జారుడుబల్ల దగ్గర ఎవరో చెప్పినట్టున్నారు. "పిల్లాడు పోయాడా? ఎవరు పోగొట్టారు?"

"నేనేరా. నిమిషం పట్టుకోమని అమ్మాయి ఇస్తే, ఎవరికో ఇచ్చి మర్చిపోయాను" అంది అత్తయ్య.

"ఒక్క పిల్లాణ్ణి చూసుకోవడం చేతకాదా అమ్మా నీకు? ఇందుకే ఇది నీ చేతికి ఇవ్వదు!" అని అందరి ముందూ అరిచాడు.

అప్పుడే చెప్పాల్సింది. బుడ్డోడి తల మీద గడ్డం ఆనించి నిలబడ్డాను గానీ, నోరు విప్పలేదు. జన్మలో అంత సిగ్గుపడ్డ రోజు ఇంకోటి లేదు.

తిరుగు బస్సులో ముగ్గురం వెనక సీట్లో కూర్చున్నాం. మా ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. బుడ్డోడు నా ఒళ్ళో నిద్రపోయాడు. రెండు స్టాపులు దాటేదాకా ఓపిక పట్టాను. ఇక నావల్ల కాలేదు.

"అత్తయ్య కాదండీ. నేనే ఇచ్చాను. మొహం చూడకుండా, ఎవరో కూడా తెలీకుండా ఇచ్చాను. అత్తయ్యే వెతికిపెట్టింది."

ఆయన గిర్రున తిరిగి నన్ను చూశాడు, తరవాత వాళ్ళమ్మని చూశాడు. "మరి నువ్వెందుకమ్మా అలా చెప్పావు?"

"అయిపోయిందిగా, ఊరుకోకూడదూ ఈ పిల్ల?" అని విసుక్కుంది అత్తయ్య. ముందు సీటు కమ్మీ పట్టుకుని కొడుకుతో చెప్పింది. "నువ్వు తొమ్మిది నెలల వాడివి. గుడ్డల కొట్టుకి తీసుకెళ్ళాను. తాను కొలిపించుకుంటూ నిన్ను బల్ల మీద పడుకోబెట్టాను. గుడ్డ చంకన పెట్టుకుని వచ్చేశాను. మన వీధి మలుపు తిరిగాక గానీ తెలీలేదు."

"నన్ను కొట్లో వదిలేశావా?" మా ఆయన గొంతు కీచుమంది.

"మళ్ళీ పరిగెత్తానులేరా. అక్కడే నిద్రపోతున్నావు. కొట్టువాడు చూసుకోను కూడా లేదు."

"నాన్న ఏమన్నాడు?"

"ఎవరికీ చెప్పలేదు. ఇదే చెప్పడం."

"ఎందుకు చెప్పలేదత్తయ్యా?" అని అడిగాను.

ఆవిడ నా వైపు చూడలేదు. "చెప్తే మళ్ళీ వీణ్ణి నా చేతికి ఇవ్వరేమోనని భయం వేసిందమ్మా. చేతికి ఇవ్వకపోతే ఎట్లా ఉంటుందో అప్పటికింకా తెలీదు. అయినా భయమేసింది."

ఏడు నెలలు ఆవిడ చాచిన చేతులు ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళాయో లెక్కపెట్టబోయాను, చేత కాలేదు. నిద్రలో ఉన్న బుడ్డోణ్ణి మెల్లగా లేవనెత్తి ఆవిడ ఒళ్ళో పడుకోబెట్టాను.

"లేస్తాడేమో అమ్మాయ్" అంది, చేతులు ఎక్కడ పెట్టాలో తెలీనట్టు.

"లేస్తే మీరే ఆడించండి" అన్నాను.

ఇంటికి ఇంకా పదకొండు స్టాపులున్నాయి. ఎండ కిటికీలోంచి వాడి మొహం మీద పడుతుంటే, ఆవిడ దారి పొడుగునా అరచెయ్యి అడ్డం పెట్టుకునే కూర్చుంది.