టీ తాగని టీ మాస్టర్

ఆఫీసు క్యాంటీన్ టీ మాస్టర్‌కి ముప్ఫై నిండలేదు గానీ, అతని చేతి టీకి మాత్రం పెద్ద పేరు. టీ మరిగాక రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని, చప్పరించి, తలూపితేనే అది కప్పుల్లోకి దిగేది. కూతురు పుట్టాక భార్యతో కలిసి మోర్మన్లనే క్రైస్తవ శాఖవాళ్ల చర్చికి వెళ్లడం మొదలుపెట్టాడు, పోయిన నెల ఆ మతం పుచ్చుకున్నాడు. వాళ్లు టీ, కాఫీ ముట్టరు. ఇప్పుడూ చుక్కలు వేసుకుంటాడు, నోటిదాకా తెస్తాడు, ఉలిక్కిపడి చెయ్యి తుడుచుకుంటాడు. "నీ టీ నువ్వే తాగకపోతే మేమెలా నమ్మేదయ్యా?" అని గుమాస్తా ఆటపట్టిస్తే, "నిన్న తాగి ఇవాళ మళ్లీ వచ్చారుగా సార్!" అంటాడు.

బాప్తిస్మం ముచ్చట అడిగితే అతనికి ఎక్కడలేని హుషారు. మనిషి నిలువెల్లా నీళ్లలో మునగాలి, వేలు తేలినా మళ్లీ మునగాల్సిందే. ఇతనేమో పొడుగు. మొదటిసారి బొటనవేలు తేలింది, రెండోసారి మోకాలు. తొట్టి పక్కన నాలుగేళ్ల కూతురు చప్పట్లు కొడుతూ "ఇంకోసారి నాన్నా!" అని అరిచింది. మూడోసారికి గానీ పని కాలేదు.

మొన్న సోమవారం క్యాంటీన్ రద్దీలో చెయ్యి ఆగలేదు, గుటక పడిపోయింది. రోజంతా ముఖం వేలాడేసుకు తిరిగాడు. సోమవారం సాయంత్రాలు వాళ్లింట్లో ముగ్గురూ కూర్చుని పాట పాడుకుని ప్రార్థన చేసుకుంటారు. ఆ పాట మధ్యలో ఆపేసి, "ఇవాళ టీ తాగేశాను" అన్నాడు. భార్య ఏదో అనబోయేలోగా కూతురు ఒళ్లోకెక్కి అతని గడ్డం పట్టుకుంది.

"ఏం కాదులే నాన్నా, ఇంకోసారి మునుగు. ఈసారి నాలుక బయటపెట్టి మునుగు, అదొక్కటే తడవలేదు."