బాబాయి తిమింగలం, బాబాయి పుట్టగొడుగు

మా బాబాయికి ఒకే ఒక్క జబ్బు. నలుగురూ మాట్లాడుకుంటున్న చోట, ముందూ వెనకా చూడకుండా, "అది సరే, నీలి తిమింగలం గొప్పదా, తేనె పుట్టగొడుగు గొప్పదా?" అని అడ్డం పడతాడు.

ఆయనది కళ్లజోళ్ల దుకాణం. పొద్దస్తమానం జనం ముక్కుల మీద అద్దాలు మార్చి, "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడిగి అడిగి బుర్ర ఇలా అయిందని పిన్ని నమ్మకం.

"పోల్చడానికి ఓ పొంతన ఉండాలి కదండీ!" అని మొత్తుకునేది పాపం.

"ఎందుకు లేదే? తిమింగలం నాలుక ఏనుగంత బరువు. పుట్టగొడుగుకి వేళ్లలాంటి దారాలుంటాయి, అవి అడవి నేల కిందంతా పాకుతాయి. అది ఊపిరికి పైకొస్తుంది, ఇది వానకి పైకొస్తుంది. అది పాడుతుంది."

"మరి ఇది?"

"వింటుందేమో, ఎవరు చూశారు!"

నాన్నకి కాలు విరిగినప్పుడు డాక్టరుగారు, "పక్క మంచం ఆయన అప్పుడే నడిచేస్తున్నాడు, మీరేమిటండీ?" అన్నారు. బాబాయి వెంటనే తిమింగలాన్ని వదిలాడు. డాక్టరుగారు దాని పక్షాన వాదించి వాదించి, నాన్న కాలు సంగతే మరిచిపోయి వెళ్లిపోయారు.

మా పరీక్షల ఫలితాలొచ్చిన సాయంత్రం అత్తయ్య హాలు మధ్యలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. "మీ అక్క ఆణిముత్యం. నువ్వూ ఉన్నావు, ఎందుకూ?" అంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇక బడి గడప తొక్కేది లేదని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను.

"అది సరే అక్కా," అన్నాడు బాబాయి, "నీలి తిమింగలం గొప్పదా..."

"నీ పుట్టగొడుగు మండిపోనూ! తిమింగలం ముందు అదీ ఒక గొప్పేనట్రా?"

"అడవంత ఉంటుందే అది!"

"అంతుంటే కనబడదేం?"

"మా దుకాణానికి రా, కనబడే జోడు ఇస్తాను."

అత్తయ్య కొంగు బిగించింది. నా మార్కులు ఏ గంగలో కలిశాయో ఎవరికీ పట్టలేదు. మర్నాడు మామూలుగానే బడికి వెళ్లాను. దారిలో వెలిగింది నాకు: ఒక మనిషిని ఇంకో మనిషి పక్కన నిలబెట్టి కొలిచే చోట తప్ప బాబాయి ఆ ప్రశ్న ఎక్కడా వేయడు.

మొన్నీమధ్య నాన్న కట్టిన కొత్తింట్లో అందరం చేరాం. "మీ అన్నయ్యని చూడరా, మేడ కట్టాడు. నువ్వింకా ఆ అద్దాలే తుడుచుకుంటున్నావు," అంది అత్తయ్య.

ఇంతమందికి అడ్డుపడిన మనిషి తన వంతు వచ్చేసరికి జోడు తీసి, శుభ్రంగా ఉన్న అద్దాలనే మళ్లీ తుడవసాగాడు. నా మనసు చివుక్కుమంది.

"అది సరే అత్తయ్యా," అన్నాను గొంతు సవరించుకుని, "నీలి తిమింగలం గొప్పదా, తేనె పుట్టగొడుగు గొప్పదా?"

"నీకూ అంటుకుందటే ఈ జబ్బు? తిమింగలమే! ఎన్నిసార్లు చెప్పాలి?"

"అదెలా అక్కా?" అంటూ బాబాయి జోడు పెట్టుకుని, కుర్చీ ముందుకు లాక్కున్నాడు.