మేకప్ సూర్యంగారి అంబాసిడర్

ఆదివారం పొద్దున్నే కారు కింద నుంచి లేచి, చేతులకు అంటిన నల్లటి జిడ్డు మీద కొబ్బరి నూనె వేసి రుద్దుకుంటున్నాను. సబ్బుకు లొంగని మరక నూనెకు కరిగి వేళ్ల మధ్య జారుతుంటే, గ్రీజూ కొబ్బరీ కలిసిన ఒక వింత వాసన వస్తుంది. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆ వాసనకు ముక్కు చిట్లించని మనిషిని నేనొక్కదాన్నే. అది తగలగానే నాకు ఫిల్మ్‌నగర్ వాలులో ఒక ఇంటి పోర్టికో, అందులో లుంగీ మోకాళ్ల పైకి మడిచి ఏదో ఒక బోల్టు వంక చూస్తూ కూర్చున్న సూర్యంగారు కనిపిస్తారు. ఆయన మేకప్‌మన్. సినిమా వాళ్ల ముఖాలకు రంగు వేయడంలోనే జీవితమంతా గడిచింది. నటుల ముఖం మీది రంగును కొబ్బరి నూనెతో తీసే అలవాటుతోనే తన చేతి మీది గ్రీజునూ తీసేవారు.

సిద్దిపేట నుంచి వచ్చి డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజనీరుగా చేరిన కొత్తలో వాళ్ల మేడ మీది పోర్షన్‌లో అద్దెకు దిగాను. ఆయనదీ, ఆయన భార్య రాజ్యలక్ష్మిగారిదీ తెనాలి. పిల్లలు లేరు. తెల్లటి పాత అంబాసిడర్ ఒకటి ఉండేది. ఏదైనా ముక్క అరిగిపోతే బోరబండలో లేత్ మిషన్ మీద ఇనుప ముక్కలు చెక్కే ఒకాయన దగ్గరికి వెళ్లి చేయించుకు రావడమే తప్ప, ఆ కారును ఏ మెకానిక్కుకూ చూపించినట్టు నేనెరగను. పాత పౌడరు డబ్బాల నిండా స్క్రూలు. ఇంజన్ ప్లగ్గుల మసి దులపడానికి బుగ్గలకు రంగు పూసే బ్రష్షులు. జూబ్లీహిల్స్ పెద్ద ఇళ్ల డ్రైవర్లు దారిన పోతూ ఆగి, "ఇంకా ఎన్నాళ్లు సార్, అమ్మెయ్యరాదూ" అని నవ్వేవారు. "లోపల ఏం జరుగుతోందో ఇంకా పూర్తిగా తెలియలేదయ్యా. తెలిశాక అమ్ముతా" అనేవారాయన.

నేను సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న కారు కొన్నాను. కొన్న రెండో నెలలోనే, ఇంటి వాలు ఎక్కుతుంటే అడుగు నుంచి గరగరమని చప్పుడు మొదలైంది. గ్యారేజీలో చూపించి, దిగాలుగా తిరిగొచ్చాను.

"ఏంటమ్మాయ్, అలా ఉన్నావ్?" అన్నారు సూర్యంగారు.

"గేర్‌బాక్స్ పోయిందంట అంకుల్. మొత్తం విప్పాలంటున్రు."

"పోయిందని ఎవరు చూశారు?"

"చూడలే. చప్పుడు విని చెప్పిన్రు."

"ఆ చప్పుడు ఎప్పుడొస్తుంది?"

"ఎక్కేటప్పుడు."

"ప్రతిసారీనా? పొద్దున్న బండి చల్లగా ఉన్నప్పుడు కూడానా? ఏసీ ఆపితే ఆగుతుందా?"

చప్పుళ్లు వినడమే నా ఉద్యోగం. నటుడు మైకు ముందు గుటక వేస్తే పట్టుకునేదాన్ని, రోజూ ఎక్కే బండిలో ఏ చప్పుడు ఎప్పుడు వస్తుందో వినలేదు. సిగ్గేసింది. ఆయన ఒక నోటు పుస్తకం ఇచ్చి, వచ్చినప్పుడల్లా రాయమన్నారు. రాస్తూ పోతే మూడో రోజు ఒక సంగతి బయటపడింది. ఎక్కడా కదలకుండా నిలబెట్టి ఉంచి, యాక్సిలరేటర్ కొంచెం తొక్కినా అదే చప్పుడు. ఇంకొంచెం తొక్కితే మాయం.

ఆ మాట చెప్పగానే ఆయన కుర్చీలోంచి లేచారు. "బండి కదలకుండానే వస్తోందా? అయితే గేర్‌బాక్స్‌ను కాసేపు పక్కన పెడదాం." ఇంజన్ చల్లారాక, కారు కిందికి చూస్తూ ఒక చెక్కముక్కతో ఒక్కో భాగాన్నీ తట్టుకుంటూ వచ్చారు. సైలెన్సర్ గొట్టం వేడి పైకి తగలకుండా దాని మీద పల్చటి రేకు ఒకటి ఉంటుంది. దాని బోల్టు తుప్పు పట్టి ఊడిపోయింది. తట్టగానే నా గరగర వినబడింది. పైపులకు వాడే ఒక స్టీలు క్లిప్పు తెచ్చి రేకును గొట్టానికి బిగించేశారు. నేను జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా వెళ్లి వచ్చేసరికి గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

"వచ్చిందా?"

"రాలే అంకుల్! అస్సలు రాలే!"

"అయిపోయిందా అప్పుడే?" అన్నారు, కాస్త నిరాశగా.

లోపలి నుంచి రాజ్యలక్ష్మిగారు, "ఆయనకి కార్లు బాగుపడితే తోచదమ్మా" అన్నారు.

అలా ఆదివారాలు పోర్టికోలో గడపడం అలవాటైంది. ఆయిల్ మార్చడం, ప్లగ్గులు శుభ్రం చేయడం, చక్రం విప్పి బ్రేకు చూడటం ఒకటొకటిగా వచ్చాయి. "అయ్యుంటది" అంటే మాత్రం ఆయన ఒప్పుకునేవారు కాదు. "చూశావా, చూళ్లేదా?" అనేవారు. చూడలేదంటే కోపం లేదు. తెలియదంటే సంతోషం కూడాను, ఇద్దరం కలిసి చూడొచ్చని.

ఒక శనివారం మధ్యాహ్నం, అంబాసిడర్ ముందు చక్రం విప్పి బ్రేకు శుభ్రం చేసే పని నేనొక్కదాన్నే చేస్తానన్నాను. సరేనని ఆయన లోపలికి వెళ్లారు. అంతా బాగానే చేశానని నా నమ్మకం. మర్నాడు పొద్దున దంపతులిద్దరూ శ్రీనగర్ కాలనీలో పెళ్లికి బయల్దేరారు. పది నిమిషాలకు ఫోను మోగింది.

"అమ్మాయ్, కొంచెం కింద మలుపు దాకా వస్తావా? నీ వీల్ స్పానర్ పట్టుకురా."

పరుగెత్తాను. వాలు మధ్యలో అంబాసిడర్ గోడ పక్కకు ఆగి ఉంది. ముందు చక్రం వంకరగా నిలబడింది. రెండు నట్లు లేవు, మిగతావి వేలితో తిప్పితే తిరుగుతున్నాయి. రాజ్యలక్ష్మిగారు పట్టుచీరతో పేవ్‌మెంటు మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. ఆ మలుపు దాటితే కింద రోడ్డు నిండా బండ్లు.

"నేనే అంకుల్. నేనే బిగించలే," అన్నాను. ఏడుపు ఆగలేదు.

సూర్యంగారు నాతోనే వెనక చక్రాల నుంచి ఒక్కో నట్టు తీయించి ముందు చక్రానికి పెట్టించారు. భార్యను ఆటోలో పెళ్లికి పంపించి, కారును మెల్లగా ఇంటికి తీసుకొచ్చారు.

పోర్టికోలో కారు ఆపి, "నిన్న మొదటి నుంచి చివరిదాకా ఏం చేశావో చేసి చూపించు" అన్నారు.

"ఇగ నేను మీ బండి ముట్టుకోను అంకుల్."

"అది తర్వాత మాట్లాడుకుందాం. నాకైతే ఇది ఎలా జరిగిందో తెలియాలి."

జాకీ పెట్టాను. చక్రం విప్పి, మళ్లీ ఎక్కించి నట్లు చేత్తో తిప్పాను. జాకీ దించాక స్పానర్‌తో గట్టిగా బిగించాలి. దించుతుంటే ఆగిపోయాను. నిన్న సరిగ్గా అప్పుడే స్టూడియో నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ మేడెక్కి, తిరిగొచ్చేసరికి చక్రం నేల మీద ఉంది కాబట్టి పని అయిపోయిందనుకుని సామాన్లు సర్దేశాను.

"అదీ! చేత్తో తిప్పిన నట్టూ, స్పానర్‌తో బిగించిన నట్టూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. కన్ను మోసపోతుంది" అన్నారు. "నేను మాత్రం? చూడకుండానే తాళం తిప్పాను. నాదీ తప్పే" అన్నారు. లోపలికి వెళ్లి మేకప్ పెట్టెలోంచి ఒక పాత లిప్‌స్టిక్ తెచ్చారు. స్పానర్‌తో బిగించిన ప్రతి నట్టు మీదా ఎర్ర గీత గీయాలి, గీత లేకపోతే బండి కదలకూడదు. ఆ రోజు నుంచి అంబాసిడర్ నాలుగు చక్రాలకూ లిప్‌స్టిక్ ఉండేది.

మరుసటి ఆదివారం రెండో ముందు చక్రం నాతోనే విప్పించారు. రాజ్యలక్ష్మిగారు గుమ్మంలో నిలబడి, "మళ్లీ ఆ పిల్లకేనా?" అన్నారు. "ఇప్పుడు ఈ వీధిలో నట్లు మర్చిపోని మనిషి ఇదొక్కతే" అన్నారాయన. ఆవిడ నాతో మామూలుగా మాట్లాడటానికి ఇంకో నెల పట్టింది. అందులో ఆవిడ తప్పేమీ లేదు.

తర్వాతి ఏళ్లలో ఆయన మోకాళ్లు పట్టేశాయి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ప్రశ్నలు వేసేవారు, నేను కింద దూరి జవాబులు చెప్పేదాన్ని. రెండేళ్ల క్రితం వానాకాలంలో జ్వరంతో ఆసుపత్రికి వెళ్లి, తిరిగి రాలేదు. కారును రాజ్యలక్ష్మిగారి దగ్గర నుంచి పాత బండ్ల మీద మక్కువ ఉన్న ఒక జంట తీసుకుంది. వాళ్లకు దాని గుణాలన్నీ నేనే కూర్చుని చెప్పాను.

మొన్నొక రోజు, నాతో పనిచేసే శ్రావణి ఒక పెద్ద నటుడు అరపూట చెప్పిన డబ్బింగంతా చెరిపేసింది. తలుపు దగ్గరే నిలబడి ఆ సంగతి చెప్పింది. నాకు కోపం వచ్చింది, ఒక గట్టి మాట అననే అన్నాను. తర్వాత కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, పొద్దున్నించి ఏ ఫైలు తర్వాత ఏది తెరిచిందో అడుగుతూ పోయాను. గంట గడిచాక తెలిసింది. ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఉన్నాయి, అక్కర్లేనిది అనుకుని అసలుదాన్ని తీసేసింది. రెండోదానికి ఆ పేరు పెట్టింది నేను.

నటుడికి నేనే ఫోన్ చేసి, తప్పు మాదేనని చెప్పాను. విసుక్కున్నాడు కానీ మర్నాడు మళ్లీ వచ్చాడు. రికార్డింగ్ మిషన్ ముందు సీట్లో శ్రావణిని కూర్చోమని, నేను పక్క కుర్చీలో కూర్చున్నాను.