మాట అందించని అక్క

మా అక్క ఎవరికీ మాట అందించదు. మీరు ఏదో చెప్పబోయి, తట్టక, మధ్యలో ఆగిపోయారనుకోండి. మీకు కావలసిన మాట ఆవిడ నాలుక చివరే ఉన్నా సరే, ఇవ్వదు. చేతులు కట్టుకుని, మీ మొహంలోకి చూస్తూ, బెల్లం కొట్టిన రాయిలా నిలబడుతుంది. మీరు చెమటలు కక్కుతూ ఆ మాటేదో పట్టుకొచ్చేదాకా అంతే. కొంప మునిగినా అంతే.

కొంప ఒకసారి మునిగింది కూడా. మేడమీద ట్యాంకు నిండి, పొంగి, నీళ్లు మెట్లమీదుగా హాల్లోకి దిగుతున్నాయి. నేను పరుగెత్తుకెళ్లి, "అక్కా, ఆ... అది... అదేంటి... అది కట్టెయ్" అన్నాను. కంగారులో 'మోటారు' అన్న మాట నోటికి రాలేదు. అక్క చదువుతున్న కాగితాలు పక్కన పెట్టి తీరిగ్గా నావైపు తిరిగింది.

"ఊఁ, చెప్పు."

"అదే అక్కా, నీళ్లు పైకి ఎక్కించేది."

"దగ్గరికొచ్చేశావు. తొందరేం లేదు."

తొందర లేకపోవడమేమిటి నా మొహం, అప్పటికే చెప్పులు తేలుతున్నాయి. నాకు 'మోటారు' తట్టేసరికి నా కొత్త జోడు గడప దాటి పక్కింటివాళ్లను పలకరించడానికి వెళ్లింది.

ఇంతకీ ఈవిడ చేసే ఉద్యోగమేమిటంటే, మెదడులో మాట ఎక్కడ పుడుతుందో, దారిలో ఎక్కడ చిక్కుకుంటుందో కనిపెట్టడం. పెద్ద శాస్త్రవేత్త. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్లను కూర్చోబెట్టి, తలకు వైర్ల టోపీ తొడిగి, దువ్వెన బొమ్మ చూపించి, "ఇదేమిటి?" అని అడుగుతుంది. ఇక వాళ్లు చెప్పేదాకా ఎదురుచూస్తుంది. ఊరికే ఎదురుచూసినందుకు జీతమిచ్చే ఉద్యోగం లోకంలో ఇదొక్కటేనని నేనంటే నవ్వుతుంది గానీ కాదనదు.

ఆ అలవాటు వల్లే ఆవిడకు రావలసిన పదవి కాస్తా పోయింది. ఒక సభలో వాళ్ల డైరెక్టరుగారు, "ఇప్పుడు మన ముఖ్య అతిథి, ప్రఖ్యాత శాస్త్రవేత్త, శ్రీ..." అని ఆగిపోయి, పక్కనే ఉన్న అక్కవైపు దీనంగా చూశారు. అక్క ప్రోత్సాహంగా తలూపింది. "శ్రీ..." అన్నారాయన మళ్లీ. అక్క మళ్లీ తలూపింది. చివరికి ముఖ్య అతిథే జాలిపడి, లేచి, తన పేరు తనే చెప్పుకుని మైకు అందుకున్నాడు. ఆ ఏడాది విభాగాధిపతి కుర్చీ ఇంకొకరికి దక్కింది.

"ఆ పేరు నీకు తెలీదా?" అని కోప్పడ్డాను.

"తెలుసు. డైరెక్టరుగారికీ తెలుసు. పాపం, వస్తోంది కదా, మధ్యలో నేనెందుకు అడ్డుపడటం?"

ఇలాంటి మనిషికి దేవుడు ఏరికోరి మా బావను జత చేశాడు. బావ డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. ఎవరి మాటా వాళ్లను పూర్తి చెయ్యనివ్వడు.

"సార్, నాకూ..." అంటుంది కారు నేర్చుకునే అమ్మాయి.

"క్లచ్ అందట్లేదు, అంతేగా?"

"కాదు సార్, నాకూ..."

"భయమేస్తోంది. మొదట్లో అందరికీ వేస్తుందమ్మా."

వాంతి వస్తోందని ఆ అమ్మాయికి నోటితో చెప్పే అవకాశం రానేలేదు. కారు కడుక్కున్నది మా బావే.

నోట్లో ఉన్న మాటను బావ లాక్కునేవాడు, రాని మాటకోసం అక్క కాపలా కాసేది. వాళ్లింటికి వెళ్లిన ప్రతిసారీ నా తలప్రాణం తోకకొచ్చేది. అయినా వెళ్లేవాణ్ణి. ఆ ఇద్దరంటే నాకు ప్రాణం.

కిందటేడు బావకు పక్షవాతం వచ్చింది. ప్రాణానికి భయం లేదన్నారు, చెయ్యి నెమ్మదిగా వస్తుందన్నారు. మాట సంగతే తేల్చి చెప్పలేదు. ఆయన ప్రయత్నిస్తూ ఉంటేనే వస్తుందట, మానేస్తే కష్టమట. గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి అలా పడుకుని ఉంటే చూడలేకపోయాను.

మేమేమో ఆసుపత్రిలో ఆయన మంచం చుట్టూ మూగాం. ఆయన పెదవి కదిలితే చాలు, "మంచినీళ్లా బావా?" అనేవాణ్ణి నేను. "ఫ్యాను పెంచాలా అన్నయ్యగారూ?" అనేది మా ఆవిడ. "దిండు ఎత్తు చాల్లేదేమో" అనేవాడు ఆయన తమ్ముడు. కాదు కాదని బావ తల అడ్డంగా ఊపి, ఊపి, విసిగిపోయి, ఏదో ఒకదానికి ఔననేసి గోడవైపు తిరిగిపోయేవాడు. నాలుగు రోజులకు పెదవి కదపడమే మానేశాడు.

ఆ వేళ అక్క మా అందర్నీ వెనక్కి జరగమంది. "ఎవరూ ఏమీ అనకండి" అని చెప్పి, మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. బావ చాలాసేపు ఆవిడ మొహంలోకే చూశాడు. తరవాత పెదవులు కదిలాయి. శబ్దమే వచ్చింది గానీ మాట రాలేదు. నుదుట చెమట పట్టింది. అక్క కదల్లేదు. నర్సు తొంగిచూసి, మందులు తరవాత ఇస్తానని వెళ్లిపోయింది.

నేను ఆగలేకపోయాను. "అక్కా, ఇంత చదువుకున్నావు, ఆయనకేం కావాలో నీకు తెలీదా? నువ్వే అనెయ్యొచ్చుగా."

"అది ఆయన మాటరా. ఆయన్నే అననీ."

బావ మొహం మీంచి చూపు తిప్పకుండానే అంది. ఇన్నేళ్లూ మొండితనమని నేను ఆడిపోసుకున్నది ఇదన్నమాట. ఎదుటి మనిషి మీద ఇంత నమ్మకం నాకెన్నడూ లేదు.

"కూ... కూర్చో" అన్నాడు బావ.

మాకెవరికీ తోచలేదు. అక్క పొద్దుటినుంచీ నిలబడే ఉంది. మేం ఆయనకేం కావాలా అని వెతికాం, ఆయన ఆవిడ కాళ్ల గురించి ఆలోచిస్తున్నాడు. అక్క కూర్చుంది. బావ హాయిగా ఊపిరి తీసుకుని, మావైపు చూసి గర్వంగా నవ్వాడు.

బయట వరండాలో అడిగాను. "ఆ మాటేనని నీకు ముందే తెలుసా?"

అక్క కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"లేదురా. నేనూ మంచినీళ్లే అనుకున్నాను."