కాయ లేని తీగ

ఈ సంగతి ఇన్నేండ్లు రాయకపోవడానికి నాకు అక్షరాలు రాకపోవడం ఒక్కటే కారణం కాదు. మా ఇంట్ల రాయడం వచ్చిన మనిషి మా యారాలు ఒక్కతే. నా మరిది పెండ్లాం. నేనేం రాయించాలన్నా నేను చెప్పాలె, ఆమె రాయాలె. ఆమె మీద నాకున్న కడుపుమంటను ఆమె చేతనే ఎట్ల రాయిస్త? మోకాళ్లు పట్టేసినంక, సాయంత్రం బడిల కూసొని నేనే నేర్చుకున్నదాక ఇది నా లోపలనే ఉండిపోయింది.

అప్పుడు తెలంగాణ కొట్లాట జోరుగ నడుస్తుండె. సిద్దిపేటల వారానికోసారన్నా బంద్. బస్సులు డిపో దాటకపోయేవి. ఆడోళ్లు రోడ్డు మీదనే పొయ్యి పెట్టి వంటలు చేసేవాళ్లు. ఆ ఏడు ఎండకాలంల యూనివర్సిటీ నుంచి ఒక పిల్ల వచ్చి మా ముందటి అర్ర కిరాయికి తీసుకుంది. ఉద్యమం కోసం వచ్చిందనుకున్నం. కాదు, బోడకాకర కోసం వచ్చింది.

వానకాలంల గుట్టల పొంట, కంపల పొంట తిరిగి బోడకాకర కాయలు తెంపుకొచ్చి అంగట్ల అమ్ముడు నాకూ యారాలుకూ అలవాటు. అందుకనే మా ఇద్దరినీ పనికి పెట్టుకుంది.

"యాడ దొరుకుతదో మేమే చెప్తం గద మేడం. దానికింత చదువెందుకు?" అని అడిగింది యారాలు.

"మీరు దొరికే జాగలే చెప్తరక్కా. నాకు దొరకని జాగలు గూడ కావాలె. రెండూ పక్కపక్కన పెడితేనే ఆ చెట్టు ఎట్లాంటి నేలను కోరుకుంటదో తెలుస్తది."

పని ఇట్ల ఉండె. ఎక్కడ చూడాలన్నది మా ఇష్టం కాదు, మేడం ఇష్టం గూడ కాదు. కంప్యూటర్ చీటీలు తీసినట్టు జాగలను తీసింది. వానలు పడకముందే మేడం ఆ జాగలన్నీ తిరిగి ఒక్కోచోట మేకు కొట్టింది. మట్టి ఎర్రదా నల్లదా, రాయెంత, నీడెంత, వాగెంత దూరం, అన్నీ రాసుకుంది. సగం మేకులకు ఎర్రగుడ్డ కట్టింది, అవి నావి. సగానికి నీలంగుడ్డ, అవి యారాలువి. వానలు పడ్డంక మేం పోయి మేకుకు తాడు కట్టి, తాడు కొస పట్టుకొని చుట్టు తిరగాలె. ఆ గీత లోపల బోడకాకర ఉందా, లేదా. అంతే.

ఎవరికే జాగ పడుతదో చీటీల మీదనే ఉన్నదని తెలిసి గూడ, యారాలు మేకులను చూస్తే నాకు మండేది. నావి పత్తిచేన్లల్ల, పొలం గెట్లల్ల పడ్డట్టు, ఆమెవన్నీ గుట్ట కిందనే పడ్డట్టు అనిపించేది.

పొద్దుగూకంగ మేడం లాప్‌టాప్ ముందట కూసునేది. యారాలు ఏడు చదివింది గనక కలం ఆమె చేతికొచ్చింది. నా మేకుల సంగతి గూడ ఆమెనే రాయాలె.

"మోరీ పక్క మేకు, అక్కా?"

"లేదు."

"పత్తిచేను గెట్టు?"

"లేదు."

"లేదేనా? మంచిగ చూసినవా?" కలం పైకెత్తి పట్టుకొని అడిగేది.

"నీకంటె ముందు పుట్టిన కండ్లే ఇవి. రాయి."

తర్వాత ఆమె తనవి చెప్పుకుంట రాసుకునేది. ఉంది, ఉంది, లేదు, ఉంది. మేడం తలూపేది. ఆ పిల్ల నన్ను పెద్దమ్మ అనేది, యారాలును అక్క అనేది. మా ఇద్దరి నడుమ ఎన్నేండ్లున్నయని? ఇంకో మాట గూడ మొదట్లనే చెప్పింది. వచ్చే వానకాలం మళ్ల వస్తదట, గానీ అప్పుడు ఒక్కరికే పని ఉంటదట. ఆ ఒక్కరు నేనే కావాలని నాకు ఎంత ఉండెనో! రోజూ నోటితోని లేదు లేదనుకుంట కూసున్న మనిషిని ఎవరు పిలుస్తరు?

పని మొదలైన వారానికే ఒకనాడు తొవ్వల యారాలు దగ్గరికొచ్చి మెల్లగ అన్నది: "అక్కా, నాకు ఈ పొద్దు రెండు ఉందులు దొరికినయి. ఒకటి నీ లెక్కల రాస్త. మేడంకేం తెలుస్తది?"

"ఏం, బిచ్చమేస్తున్నవా?"

"అట్లెందుకంటవక్కా..."

"నీ ఉందులు నువ్వే ఉంచుకో. దండ గుచ్చుకొని మెడల ఏసుకో."

ఆ సాయంత్రం వాళ్లతోని కూసోలేదు. లోపల చాప మీద పన్న. నా మేకులు ఆమె బయటనుంచి అడిగితే గడప లోపలినుంచే "లేదు, లేదు" అని కేకేసిన. బయట వాళ్లిద్దరు ఏదో మాట్లాడుకుంటున్నరు. నవ్వు వినపడ్డది. చెవుల మీదికి కొంగు లాక్కున్న.

శ్రావణం దాటింది. ఒకనాడు పెద్ద బంద్. మేడం ఎటూ పోలేక పొద్దంత లాప్‌టాప్‌తోనే ఉంది. సాయంత్రం మా ఇద్దరినీ పిలిచి మా చుట్టుపక్కల నేలంతా ఉన్న బొమ్మ చూపింది. బోడకాకర ఉండే అవకాశం ఎక్కువున్నచోట ముదురు ఆకుపచ్చ, తక్కువున్నచోట తెలుపు. చూడ చక్కగ ఉంది. ఆమె మొహం మాత్రం బాగలేదు.

"ఒక్క బియ్యం సంచిల నుంచి కండ్లు మూసుకొని రెండు దోసిళ్లు తీస్తే, ఒక దాంట్ల రాళ్లు ఎక్కువ, ఇంకో దాంట్ల అసలే లేకుండ ఎందుకుంటయి?" అన్నది. "మీ ఇద్దరికీ ఒక్కతీరు జాగలే పడ్డయి. గుట్టలు గూడ, గెట్లు గూడ, సమానం. అక్కకు గెట్ల మీద గూడ ఉందని వస్తుంది. పెద్దమ్మకు గుట్టల మీద గూడ చానవరకు లేదనే వస్తుంది. ఎవరో ఒకరి దాంట్ల తేడా ఉంది."

నా మేకులు గుట్టల మీద గూడ ఉన్నయని అప్పుడే సరిగ విన్న. అయినా ఆ మాట పట్టించుకోలేదు. లోపల పండుగైంది.

"ఉందని రాసుకునేటోళ్లకు చెయ్యి అడ్డమా మేడం?" అన్న. "నాకే ఒకటి అప్పిస్తనన్న మనిషి, తనకెన్ని రాసుకుందో."

యారాలు మొహం మాడిపోయింది. "అది చిన్నబోయిన నీ మొహం చూడలేక అన్న, అక్కా," అన్నది.

ఆ మాట ఇప్పటికీ నాకు పచ్చిగనే ఉంది.

మర్నాడు ముగ్గురం నడుసుకుంట పోయినం. ముందు ఆమెదే చూడాలన్న. తొగుట తొవ్వల ఒక గెట్టు మీద నీలంగుడ్డ మేకు. తాడు తిప్పిన. రేగుకంప మీదికి పాకిన తీగ, పసుపుపచ్చ పూలు, ఒక్క కాయ లేదు.

"ఏది కాయ? చూపియ్యి!" అని నవ్విన. గెలిచిన.

"తీగ ఉంది గదక్కా."

"ఇది మొగ తీగ. సచ్చేదాక కాయ కాయదు. దీన్ని బోడకాకర అని అంగట్ల పెడితే మొహాన కొడ్తరు."

మేడం వంగి తీగ కొస పట్టుకొని చూసింది. తర్వాత మెల్లగ అడిగింది: "పెద్దమ్మా, నీ మేకుల కాడ ఇట్లాంటియి చూసినవా?"

"చాన చూసిన. ఒక్కదానికి గూడ ఉందని చెప్పలే," అన్న, రొమ్ము విరుచుకొని.

ఆ పిల్ల అట్లనే బండ మీద కూలబడ్డది. "నాకు కాయ కాదు పెద్దమ్మా, చెట్టు కావాలె. మొగదో ఆడదో, అది ఆ నేలల బతికిందా లేదా, అంతే."

"మరి నాకెవరు చెప్పిన్రు?"

"కాయ లేని తీగను ఏమని రాయాలని నేను మేడంను అడిగిననాడు," అన్నది యారాలు నేలకు చూసుకుంట, "నువ్వు అలిగి లోపల పన్నవు గద."

ఆ నవ్వు అదన్నమాట. కొంగు చెవుల మీదికి లాక్కొని నేను వినకపోయింది గదే.

మేడం కోపం చెయ్యలేదు. కోపం చేసినా బాగుండు. "తప్పు నాది. నీకు గూడ తెలుసనుకున్న," అన్నది. వానలు వెనకబట్టినయి, ఇంకొన్ని రోజులైతే తీగలు ఎండిపోతయి. నా ఎర్రగుడ్డ మేకులన్నీ మళ్ల చూడాలె. "అక్క తిరుగుతది. నువ్వు ఇంటికాడ ఉండు పెద్దమ్మా, కాళ్లు నొస్తయి," అన్నది. వచ్చే వానకాలానికి ఎవరిని పిలుస్తదో నాకు ఇంకెవరూ చెప్పనవసరం లేకపోయింది. తొవ్వ పొడుగూత యారాలు నా వెనకనే నడిచింది. ముందుకు రమ్మంటే రాలేదు. అది గూడ నాకు మండింది.

మర్నాడు పొద్దుగాల యారాలు వాకిలి ఊడ్వకముందే తాడు తీసుకొని బయలుదేరిన. ఎవరూ పొమ్మనలేదు. మోరీ పక్క మేకు, పత్తిచేను గెట్టు, గుట్ట కింది బండ, దగ్గరున్నవన్నీ తిరిగిన. ఈసారి కాయను వెతకలేదు, ఆకును వెతికిన. కాయ కోసం చూసే కంటికి ఆకు ఎట్ల దాసుకుంటదో అప్పుడు తెలిసింది. తీగ ఉన్న ప్రతి మేకు కాడ పూవుతోని సహ ఒక కొస తుంపి కొంగున వేరువేరు ముడులు కట్టుకున్న. లేనికాడ మళ్ల లేదనే అనుకున్న.

తిరిగొస్తుంటే రోడ్డు మీద పొయ్యిరాళ్లు పెడుతున్న ఆడోళ్లు ఆపిన్రు. "కూరకేం తెచ్చినవే వదినా?"

"కాయలేని తీగలు."

"మంచిదే, మాకు గూడ ఉప్పు లేదు," అని ఒకటే నవ్వు.

ఇంటికొచ్చేసరికి యారాలు నా మేకులు చూడబోవడానికి తయారై, తాడు కోసం వెతుకుతుంది. నేను అరుగు మీద కూసొని కొంగు ముడులు ఒక్కొక్కటి విప్పి, తుంపిన కొసలను వరుసగ పెట్టిన. ఆమె నిలబడి చూసింది. తర్వాత లోపలికి పోయి కలం తెచ్చుకొని నా ముందట కూసుంది.

"మోరీ పక్క," అన్న. "రాయి."

"ఉందేనా, అక్కా?"

"ఉంది."

ఆమె రాసింది. నేను ముందుకు వంగి, ఆ చెయ్యి ఎటు మొదలుపెట్టి ఎటు తిరుగుతుందో రెప్పవేయకుండ చూసిన.